పెట్టె విప్పకముందే చెప్పాల్సిన మాట

(గృహోపకరణాల దుకాణదారులకు, సేల్స్ సిబ్బందికి గుంటూరులో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, చిన్న సవరణలతో.)

అందరికీ నమస్కారం.

పొద్దున్నుంచి అమ్మకాల గురించి, ఆఫర్ల గురించి చాలా విన్నారు. నేను అమ్మకం అయిపోయాక నాలుగేళ్ళకి జరిగేదాని గురించి, అంటే వారంటీ గురించి మాట్లాడతాను. నరసరావుపేటలో మా వారూ నేనూ కలిసి పంతొమ్మిదేళ్ళు షాపు నడిపాం. ఫ్యాన్లు, మిక్సీలతో మొదలుపెట్టి ఫ్రిజ్‌లు, ఏసీలు, ఇన్వర్టర్ల దాకా వచ్చాం. కౌంటరు దగ్గర ఎక్కువగా నిలబడింది నేనే. అందుకని ఇవాళ చెప్పేదంతా కౌంటరు దగ్గర నేర్చుకున్నదే.

2012 ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు కోతలతో జనం అల్లాడిపోయారు. ఇన్వర్టర్లు, బ్యాటరీలు వచ్చినవి వచ్చినట్టు అమ్ముడుపోయేవి. ఆ రోజుల్లో రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చారు. ఆయన భార్యకి ఉబ్బసం. రాత్రిపూట ఫ్యాను ఆగకూడదు. "ఏ బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందమ్మా?" అని అడిగారు. నేను ఒకటి చూపించి "ఇది తీసుకోండి మాస్టారూ, ఐదేళ్ళ వారంటీ" అన్నాను. స్టిక్కరు మీద 60 నెలలు అని ఉంది. నేను చెప్పింది అబద్ధం కాదు. ఆయన ఇంకో మాట అడగలేదు, డబ్బు కట్టి తీసుకెళ్ళారు.

46వ నెలలో బ్యాటరీ చచ్చిపోయింది. బిల్లు, వారంటీ కార్డు ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకుని ఆటోలో బ్యాటరీ వేసుకుని వచ్చారు. ఇంకా 14 నెలలు ఉంది కదా, కొత్తది ఇస్తారన్న ధీమాతో వచ్చారు. అప్పుడు ఆ కార్డు తెరిచి నేను మొదటిసారి పూర్తిగా చదివాను. అందులో ఉన్నది 60 నెలలు కాదు, 36 ప్లస్ 24. మొదటి 36 నెలలే ఉచితంగా మార్చి ఇస్తారు. తర్వాతి 24 నెలలు ప్రో-రేటా, అంటే కొత్త బ్యాటరీ మీద ఇంత శాతం తగ్గింపు. ఆ సంగతి ఆయనకి చెబితే కోప్పడలేదు. "కంపెనీ ఏదో నాకేం తెలుసమ్మా, నువ్వు ఐదేళ్ళన్నావు, తీసుకున్నాను" అన్నారు. అంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ ప్రో-రేటా లెక్క ఒకసారి పూర్తిగా చూద్దాం, ఎందుకంటే మనలో రోజూ బ్యాటరీలు అమ్మేవాళ్ళలో కూడా చాలామంది కస్టమర్‌కి ఇది విప్పి చెప్పరు. లెక్క కోసం అంకెలు అనుకుందాం. కొత్త బ్యాటరీ ఎంఆర్‌పీ 20,000. 46వ నెలకి కంపెనీ పట్టికలో 20 శాతం తగ్గింపు ఉంది. అంటే 4,000 పోగా 16,000 కట్టాలి. చచ్చిపోయిన పాత బ్యాటరీని కంపెనీకి ఇచ్చేయాలి. బాగానే ఉందనిపిస్తుంది. కానీ మన షాపుల్లో బ్యాటరీని ఎంఆర్‌పీకి ఎవరు అమ్ముతున్నారు? అదే బ్యాటరీ మామూలుగా కౌంటరు మీద కొని, పాతది ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తే 15,500కే రావచ్చు. అంటే వారంటీ వాడుకున్నవాడికి 500 ఎక్కువ పడింది. తగ్గింపును ఎంఆర్‌పీ మీద లెక్కకడతారు, జనం కొనేది బజారు ధరకి. ఈ రెంటి మధ్యలోనే ఆ వారంటీ విలువంతా కరిగిపోతుంది. అన్ని కంపెనీల పట్టికా ఒకేలా ఉండదు, కొన్నిచోట్ల నిజంగానే లాభం ఉంటుంది. కానీ కొనేవాడికి ఇది ముందే తెలియాలి. 30 ప్లస్ 30 బ్యాటరీ, 42 ప్లస్ 18 బ్యాటరీ పక్కపక్కన ఉంటే రెండింటి మీదా 60 అనే ఉంటుంది. ఒకదానికంటే ఇంకోదానికి ఒక ఏడాది ఎక్కువ ఉచిత మార్పిడి ఉంది. కస్టమర్ తేల్చుకోవాల్సింది ఆ మొదటి అంకెని చూసి. స్టిక్కరు మీద పెద్దగా కనబడేది మొత్తం అంకె.

మొత్తం అంకె పెద్దగా, అసలు అంకె చిన్నగా ఉండే పద్ధతి బ్యాటరీలకే పరిమితం కాదు. ఫ్రిజ్ తలుపు మీద ఎర్రటి స్టిక్కరు చూడండి. 10 సంవత్సరాలు. దాని కింద చిన్న అక్షరాల్లో కంప్రెసర్ అని ఉంటుంది, అంటే చల్లదనం కోసం ఫ్రిజ్ వెనక తిరిగే యంత్రం ఒక్కటే. ఫ్రిజ్ మొత్తానికి ఉండేది మామూలుగా ఒక్క సంవత్సరం. పైగా ఆ పదేళ్ళలో మొదటి ఏడాది కూడా కలిసే ఉంటుంది, అంటే ఒకటి ప్లస్ తొమ్మిది. ఇంట్లో ఫ్రిజ్‌కి వచ్చే ఇబ్బందులు ఎలాంటివో మీకు నేను చెప్పక్కర్లేదు. థర్మోస్టాట్ పోతుంది, తలుపు అంచు రబ్బరు, అదే గాస్కెట్, వదులవుతుంది, బోర్డు కాలిపోతుంది, ఎక్కడో గ్యాస్ లీకవుతుంది. ఇవేవీ కంప్రెసర్ కాదు. సరే, నిజంగా కంప్రెసరే పోయిందనుకోండి. చాలా కార్డుల ప్రకారం కంప్రెసర్ ఉచితం, గ్యాస్ నింపడానికి వేరే, మెకానిక్ కూలీ వేరే, రవాణా వేరే. ఆరేళ్ళ తర్వాత ఆ బిల్లు చూసి ఇంటావిడ "పదేళ్ళ వారంటీ అన్నారు కదండీ" అంటుంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మనం అన్నదే మనకి గుర్తుచేస్తోంది.

ఏసీ కూడా అంతే, వాషింగ్ మెషిన్ మోటారూ అంతే. మిక్సీ అయితే మోటారుకి ఐదేళ్ళంటాం. జార్లు, బ్లేడ్లు, కింద ఉండే కప్లర్ వారంటీలోకి రావు. ఇంట్లో రోజూ అరిగేవి అవే. సెల్‌ఫోన్‌కి ఏడాది, పెట్టెలో వచ్చిన చార్జర్‌కి ఆరు నెలలే. నీళ్ళలో పడినా ఏం కాదని ప్రకటనలో చూపిస్తారు. నీళ్ళు లోపలికి వెళ్ళి పాడైతే మాత్రం వారంటీ వర్తించదని కార్డులో ఉంటుంది.

గీజర్ దగ్గర కాసేపు ఆగాలి. మన ప్రాంతంలో ఎక్కువమంది వాడేది బోరు నీళ్ళు. పల్నాడులో, ప్రకాశంలో ఉన్నవాళ్ళకి ఆ నీళ్ళ సంగతి తెలుసు. గిన్నె అడుగున తెల్లగా కడుతుంది చూడండి, గీజర్ లోపల హీటింగ్ ఎలిమెంట్ మీద కూడా అదే కడుతుంది. ఎలిమెంట్ వేడెక్కి వేడెక్కి కాలిపోతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి పెడతారు, దాన్ని యానోడ్ రాడ్ అంటారు. ఆ కడ్డీ తాను కరిగిపోతూ ట్యాంకుని కాపాడుతుంది. ఉప్పు ఎక్కువున్న నీళ్ళలో అది తొందరగా కరిగిపోతుంది. కరిగిపోయాక మార్చకపోతే ట్యాంకు చిల్లుపడుతుంది. గీజర్ పెట్టె మీద మాత్రం ట్యాంకుకి ఐదేళ్ళో, ఏడేళ్ళో అని ఉంటుంది. చాలా కార్డుల్లో నీటి కాఠిన్యం ఇంతకు మించకూడదనీ, రాడ్ ఎప్పటికప్పుడు మార్చుకోవాలనీ షరతు ఉంటుంది. అందుకని గీజర్ అమ్మేముందు లీటర్లు ఎన్ని అని అడగడానికంటే ముందు "మీ ఇంట్లో ఏ నీళ్ళండీ, మున్సిపాలిటీవా, బోరువా?" అని అడగాలి. బోరు అన్నారంటే రాడ్ సంగతి ఆ నిమిషమే చెప్పాలి. ఏడాదికోసారి తీయించి చూపించుకోమనాలి. ఇది చెప్పినందుకు గీజర్ కొనకుండా వెళ్ళిపోయిన మనిషిని నేను చూడలేదు.

ఇక కార్డు వెనకాల సన్న అక్షరాల్లో ఉండే మినహాయింపులు. వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల పాడైతే రాదు. ఎలుక వైరు కొరికితే రాదు. ఏసీ బయటి యూనిట్‌లో బల్లి దూరి బోర్డు షార్టయితే రాదు. కంపెనీ మనిషి కాకుండా వీధి చివర మెకానిక్ విప్పితే ఆ తర్వాత ఏదీ రాదు. ఇళ్ళలో వాడేందుకు కొన్న వస్తువుని హోటల్లోనో, హాస్టల్లోనో పెడితే రాదు. ఈ చివరిది మరీ ముఖ్యం. టిఫిన్ సెంటర్ పెట్టుకునే ఆవిడ మన షాపుకే వచ్చి మిక్సీ కొంటుంది. రోజుకి ఆరేడు గంటలు ఇడ్లీ పిండి, చట్నీలు రుబ్బుతుంది. మనకి ఆ సంగతి తెలుసు, అయినా ఇంట్లో వాడే మిక్సీయే చేతిలో పెడతాం. మూడు నెలలకి మోటారు కాలిపోతే సర్వీస్ సెంటర్ వాడు చూడగానే కమర్షియల్ వాడకం అని రాసేస్తాడు. ఆ రోజు నష్టపోయేది అప్పు చేసి బండి పెట్టుకున్న మనిషి. అలాంటివాళ్ళకి ఎక్కువ ధరైనా సరే కమర్షియల్ మిక్సీ గురించి చెప్పడం మన బాధ్యతనే నేను అనుకుంటాను.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. ఇన్ని షరతులు ఉన్న ఆ కార్డు ఎక్కడుంటుంది? సీలు వేసిన పెట్టె లోపల. డబ్బు కట్టి, ఇంటికి తీసుకెళ్ళి, థర్మకోల్ తీసి పక్కన పెట్టాక చేతికొస్తుంది. అప్పుడు చదివి ఏం లాభం? అమెరికాలో 1975లో మాగ్నసన్-మోస్ వారంటీ చట్టం అని ఒకటి వచ్చింది. దాని కింద పెట్టిన నియమం ప్రకారం 15 డాలర్లు దాటిన వస్తువుకి రాతపూర్వకమైన వారంటీ ఉంటే, దాన్ని కొనకముందే చదువుకునే వీలు దుకాణదారుడు కల్పించాలి. వస్తువు పక్కనే పెట్టొచ్చు, అడిగితే చూపించొచ్చు. మా అన్నయ్య కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వాడి ద్వారా మొదట విన్నాను. అది వినగానే నాకు తోచింది, ఇక్కడ మనల్ని ఆపుతున్నది ఎవరు? షాపులో డిస్‌ప్లేకి పెట్టిన ప్రతి వస్తువు పెట్టె విప్పే ఉంటుంది. అందులో కార్డు ఉంటుంది. దాన్ని జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించి, ఆ వస్తువుకే తాడుతో కట్టి వేలాడదీశాను. ఖర్చు ఒక్కోదానికి టీ నీళ్ళంత.

కానీ ఆ కార్డు ఇంగ్లీషులో ఉంటుంది, లేకపోతే హిందీలో. మా ఊరికి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్ళు అది చదవలేరు. అందుకని దాని పక్కన తెలుగులో ఒక చీటీ రాసి పెట్టడం మొదలుపెట్టాను. కార్డుని పూర్తిగా అనువాదం చేయబోయి మొదట్లో చాలా అవస్థపడ్డాను, అది ఎవరూ చదివేవాళ్ళు కాదు. తర్వాత అర్థమైంది, కస్టమర్‌కి కావాల్సినవి నాలుగే సంగతులు. దేనికి ఎంతకాలం, ఏ తేదీ నుంచి, పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి, అప్పుడు జేబులోంచి ఏం పోతుంది. ఫ్రిజ్ చీటీ ఇలా ఉండేది, చదువుతాను వినండి: "ఈ ఫ్రిజ్ మొత్తానికి బిల్లు తేదీ నుంచి ఒక సంవత్సరం. ఆ తర్వాత కంప్రెసర్ అనే ఒక్క భాగానికి ఇంకా తొమ్మిదేళ్ళు. అప్పుడు కంప్రెసర్ ఉచితం, గ్యాసు, కూలీ, రవాణా మీవే. గాజు అరలు, ప్లాస్టిక్ ట్రేలు పగిలితే వారంటీ లేదు. స్టెబిలైజర్ పెట్టుకోండి. బిల్లు ఫొటో తీసి ఉంచుకోండి." ఇంతే. గమనించండి, ఒకటి అనే అంకె ముందు వచ్చింది, తొమ్మిది తర్వాత. మొదట ఏది వింటే మనసులో అదే నిలబడుతుంది. పదేళ్ళు అని మొదలుపెట్టి తర్వాత ఎంత వివరంగా చెప్పినా కస్టమర్ ఇంటికి పట్టుకెళ్ళేది పదేళ్ళ మాటే.

గ్యారంటీ, వారంటీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. బజార్లో వాడుక ఏమిటంటే, గ్యారంటీ ఉంటే మార్చి ఇస్తారు, వారంటీ అయితే బాగుచేసి ఇస్తారు. కాగితం మీద మాత్రం కంపెనీలు ఆ రెండు మాటలూ తమకి నచ్చినట్టు వాడుకుంటాయి. కాబట్టి ఆ మాట దగ్గర ఆగకండి. కింద మార్చి ఇస్తాం అని రాసుందా, బాగుచేస్తాం అని రాసుందా చూసి అదే చెప్పండి. మార్చి ఇచ్చిన కొత్త వస్తువుకి మళ్ళీ మొదటి నుంచి వారంటీ వస్తుందని కూడా చాలామంది నమ్ముతారు. ఎక్కువ కార్డుల్లో మిగిలిన కాలమే కొనసాగుతుందని ఉంటుంది.

తేదీ విషయం చెబుతాను. మన దగ్గర వస్తువు కొనే రోజు, వాడే రోజు ఒకటి కావు. మాఘమాసంలో పెళ్ళి. సారె సామాను కింద ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ముందే కొంటారు, మంచిరోజు చూసి. పెళ్ళయ్యాక అబ్బాయికి హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఇల్లు దొరికేదాకా ఆ పెట్టెలు పుట్టింట్లోనే ఉంటాయి. అవి విప్పేసరికి ఐదారు నెలలు. ఏడాది వారంటీలో సగం గోడకి ఆనించిన పెట్టెలోనే అయిపోయింది. గృహప్రవేశానికని చలికాలం ఆఫర్లో ఏసీలు కొని పెట్టుకునేవాళ్ళదీ ఇదే కథ. బిగించిన తేదీ నుంచి వారంటీ లెక్కపెట్టే ఆలోచన చేయమని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలను కోరింది. నాకు అది చాలా న్యాయంగా అనిపించింది. అన్ని కార్డులూ మారేదాకా మాత్రం బిల్లు తేదీయే లెక్క అనుకుని చెప్పాలి. సారెకి కొనేవాళ్ళయితే ఇంకో పని కూడా చేయండి. బిల్లు నాన్న పేరు మీద ఉంటుంది, వస్తువు వాడేది కూతురు. బిల్లు మీద అమ్మాయి ఫోన్ నంబరు కూడా రాయండి. వెళ్ళే ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉందో లేదో ఫోన్‌లో అక్కడే చూసి చెప్పండి.

బిల్లు గురించి చెప్పనీయండి. ఇప్పుడు చాలా షాపుల్లో మెషిన్ నుంచి వచ్చే పల్చటి కాగితం బిల్లులు ఇస్తున్నారు. అది వేడికి అక్షరాలు వచ్చే కాగితం. బీరువాలో పెట్టినా ఏడాది రెండేళ్ళకి తెల్లబడిపోతుంది. తెల్ల కాగితం పట్టుకుని వారంటీ అడిగితే ఎవరిస్తారు? ఆ రకం బిల్లు ఇచ్చేటప్పుడు కస్టమర్ ఫోన్‌తోనే ఫొటో తీయించండి. బిల్లు మీద మోడల్‌తో పాటు సీరియల్ నంబరు తప్పకుండా రాయండి. అది లేకపోతే ఈ బిల్లు ఈ ఫ్రిజ్‌దే అని నిరూపించడం కష్టం.

చట్టం గురించి రెండు మూడు మాటలు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. పాత 1986 చట్టం స్థానంలో వచ్చిందే ఇది. ఇందులో మనకి నేరుగా తగిలే విషయం 86వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన వారంటీ ఒకటి ఉండగా, అమ్మేవాడు తన తరఫున విడిగా ఇంకో వారంటీ ఇచ్చాడనుకోండి. వస్తువు దానికి తగ్గట్టు లేక కొన్నవాళ్ళకి హాని జరిగితే జవాబు చెప్పాల్సింది అమ్మినవాడే. "కరెంటు ఒక్కసారిగా ఎక్కువొచ్చినా ఈ గీజర్‌కి ఏమీ కాదండీ, నాది పూచీ" అని మన కుర్రాడు ఊపులో అన్నాడంటే, ఆ పూచీ షాపుదవుతుంది. జనాన్ని తప్పుదోవ పట్టించే వారంటీ ఇవ్వడం, బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనని మొండికేయడం, ఇవన్నీ అనుచిత వ్యాపార పద్ధతుల కిందకే వస్తాయి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చు వేయించుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఇక్కడ ఉంటే, లోపమున్న వస్తువు విషయంలో ఆ వాక్యం మిమ్మల్ని కాపాడదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి రెండేళ్ళ గడువుంది. వస్తువు ఖరీదు ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కొన్నవాళ్ళు తాము ఉండే ఊళ్ళోనే వేసుకోవచ్చు. ఇందాక చెప్పిన సారె ఫ్రిజ్ అమ్మాయి బెంగళూరులో కేసు వేస్తే మీరు అక్కడికి వెళ్ళాలి.

మన ఫ్లెక్సీల మాట కూడా. 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెప్పామో, దానికి ఉన్న షరతు కూడా అదే భాషలో, అదే రకం అక్షరాల్లో కనబడేలా ఉండాలని అందులో ఉంది. దసరాకి మనం కట్టే ఫ్లెక్సీలు గుర్తుచేసుకోండి. తెలుగులో అడుగెత్తు అక్షరాలతో 10 సంవత్సరాల వారంటీ. కింద మూలన ఇంగ్లీషులో చీమంత అక్షరాలతో కండిషన్స్ అప్లై. అది చదవగలిగినవాడికి కూడా ఆ షరతులేమిటో అక్కడ దొరకవు. "ఫ్రిజ్‌కి 1, కంప్రెసర్‌కి 10" అని రాయిస్తే అదే ఫ్లెక్సీలో చోటు సరిపోతుంది.

ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే విడిగా డబ్బు కట్టి పొడిగించుకునే వారంటీ, అమ్మితే మీ షాపులో సేల్స్ పిల్లలకి ఇన్సెంటివ్ వస్తుందని తెలుసు, అమ్మొద్దని అనను. కరెంటు నాణ్యత బాగాలేని చోట టీవీకి, ఏసీకి అది నిజంగా ఉపయోగపడొచ్చు. కానీ అది ఇచ్చేది వస్తువు తయారుచేసిన కంపెనీయా, మధ్యలో ఇంకో సంస్థా? కంపెనీ వారంటీ అయిపోయిన మర్నాటి నుంచి మొదలవుతుందా? వస్తువు వయసుని బట్టి విలువ తగ్గించి లెక్కకడతారా? ఈ మూడింటికి జవాబు తెలియని సేల్స్‌మన్ దాన్ని అమ్మకూడదు. మా షాపులో నేను పెట్టుకున్న నియమం అదే.

ఇక మీరు అడగండి.

[సభలోంచి: మేడమ్, ఇన్ని మినహాయింపులు చెబితే కస్టమర్ భయపడి పక్క షాపుకి పోడా?]

కొందరు పోయారు బాబూ. మొదటి ఏడాది నాకూ టెన్షన్‌గానే ఉండేది, మా వారు కూడా "నువ్వు అమ్ముతున్నావా, ఆపుతున్నావా?" అన్నారు. కానీ చెప్పే తీరు కూడా ఒకటుంటుంది. "ఎలుక కొరికితే వారంటీ లేదు" అని చెప్పి ఊరుకుంటే భయపడతారు. "మెషిన్ కింద ఖాళీ ఉంది చూశారా, ఎలుక దూరి వైరు కొరికితే కంపెనీ వాళ్ళు ఒప్పుకోరు, అడుగున జాలీ బిగించుకోండి" అంటే అది జాగ్రత్త చెప్పినట్టు ఉంటుంది. ప్రతి మినహాయింపుకీ ఒక జాగ్రత్త ఉంటుంది, రెండూ కలిపి చెప్పాలి. చీటీలు పెట్టిన తర్వాత షాపు మీదకి గొడవకి వచ్చేవాళ్ళు బాగా తగ్గారు. ఆ మాస్టారు మళ్ళీ బ్యాటరీ మా దగ్గరే కొన్నారు. ఈసారి 36 ప్లస్ 24 అని బిల్లు వెనక నా చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

[సభలోంచి: ఆన్‌లైన్‌లో కొన్నవి పట్టుకుని మా దగ్గరికి వస్తున్నారండి, వారంటీ చూడమని.]

వాళ్ళని విసుక్కోకండమ్మా. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వారంటీ వివరాలు ఆన్‌లైన్ సంస్థలు కూడా కొనకముందే చూపించాలి. ఆర్డర్ చేసిన పేజీలో ఆ వివరాలు వెతికి ఫొటో తీసుకోమనండి. కంపెనీ ఫోన్ నంబరు పెట్టె మీదే ఉంటుంది, అది ఉండాలని ప్యాకేజీ నిబంధనల్లోనే ఉంది. అక్కడా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ నంబరు మన షాపుల్లో గోడ మీద రాసి పెట్టడానికి కూడా వెనకాడొద్దు. బయట దేశం నుంచి చుట్టాలు తెచ్చిన ల్యాప్‌టాప్‌లు, ఫోన్ల సంగతి వేరు. ఆ కంపెనీ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మోడల్‌ని బట్టి ఉంటుంది, చూడకుండా మాట ఇవ్వకండి.

[సభలోంచి: మేడమ్, మా దగ్గరికి చదువురాని ముసలివాళ్ళు ఎక్కువ వస్తారు. చీటీ రాసిస్తే వాళ్ళకేం లాభం?]

మంచి ప్రశ్న అడిగావమ్మా. వాళ్ళకి చీటీ ఇచ్చి ఊరుకోకూడదు. చెప్పాలి. చెప్పాక "ఇప్పుడు మీరు నాకు చెప్పండి పెద్దమ్మా, ఫ్రిజ్ మొత్తానికి ఎన్నేళ్ళు?" అని తిరిగి అడగాలి. సగంమంది "పదేళ్ళు" అంటారు. మళ్ళీ చెప్పాలి. నేను ఇంకో పని చేసేదాన్ని. వాళ్ళ ఫోన్‌లోనో, వాళ్ళ మనవడి ఫోన్‌లోనో వాట్సాప్‌లో నా గొంతుతో రికార్డు చేసి పంపేదాన్ని. "నేను ఫలానా షాపు నుంచి, ఇవాళ తేదీ ఇది, మీరు కొన్న ఫ్రిజ్‌కి ఒక సంవత్సరం, కంప్రెసర్‌కి ఆ పైన తొమ్మిదేళ్ళు, అప్పుడు గ్యాసు, కూలీ, రవాణా మీవే, పాడైతే ఈ నంబరుకి చేయండి" అని. ఒక నిమిషం పడుతుంది. మూడేళ్ళ తర్వాత ఒక పెద్దావిడ మనవడు వచ్చి నా గొంతు నాకే వినిపించాడు. అందులో చెప్పినట్టే జరిగింది, గ్యాసు డబ్బులు అడిగితే ఆవిడ ఏమీ అనకుండా ఇచ్చి వెళ్ళింది.